స్టీలు సింకు మీద తెల్ల మచ్చలు, మసకబారిన కొళాయిలు: రుద్దడం ఆపండి, నానబెట్టండి

విజయనగరం నుంచి ఒక సోదరి అడిగారు. కొత్త ఇంట్లో చేరి ఏడాదిన్నర అయిందట, వాడేది బోరు నీళ్లు. వంటింట్లో స్టీలు సింకు నిండా తెల్లటి మచ్చలు, అడుగున అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు. బాత్రూంలో కొళాయిలు, షవరు మసకబారిపోయాయి. ఇనుప పీచుతో గట్టిగా తోమితే గీతలు పడ్డాయి కానీ మచ్చలు పోలేదు. ఎవరో చెప్పారని ఒక కొళాయి మీద బాత్రూం యాసిడ్ పోస్తే అది పసుపు తిరిగింది. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలు వస్తున్నారు, ఈలోగా ఏం చేయాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. తెల్ల మచ్చలు పూర్తిగా పోతాయి. గోధుమ చుక్కల్లో చాలావరకు పోతాయి. యాసిడ్ పడి పసుపు తిరిగిన కొళాయి మాత్రం ఇంట్లో ఎంత తోమినా మళ్లీ తెల్లగా మెరవదు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వంద గ్రాములు, పాత నూలు గుడ్డలు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. ఒక్క పూట తీరిక చేసుకోండి. ఇనుప పీచు అవతల పారేయండి. యాసిడ్ సీసా ఎక్కడుందో చూసి ఇవాళే వంటింట్లోంచి తీసేయండి. ఎందుకో కింద చెప్తాను.

నేను శ్రీకాకుళంలో ఒక లాడ్జిలో పదహారేళ్లు హౌస్‌కీపింగ్ చూసుకున్నాను. ఇరవై ఎనిమిది గదులు, అన్నింటికీ బోరు నీళ్లే. రథసప్తమి వచ్చిందంటే అరసవల్లి వచ్చే భక్తులతో గదులన్నీ నిండిపోయేవి. ఒకరు ఖాళీ చేసిన గంటలో ఇంకొకరు దిగేవారు. ఆ గంటలోనే కొళాయిలు తళతళలాడాలి. ఇప్పుడు ఒక కల్యాణ మండపంలో వంటశాల, బాత్రూంల శుభ్రత చూస్తున్నాను. మీరు చేసిన పొరపాట్లన్నీ మొదటి రెండేళ్లలో నేనూ చేశాను, చేయించాను కూడా. కాబట్టి బాధపడకండి.

మచ్చ ఏదో తెలిస్తే సగం పని అయినట్టే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు కరిగి ఉంటాయి. కొళాయి మీద చుక్క నిలిచి ఆరిపోతే నీరు ఆవిరై ఆ ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. మర్నాడు దానిమీద ఇంకో చుక్క ఆరుతుంది. ఇలా పొర మీద పొర పేరుకుని ఏడాదికి పళ్లకు పట్టిన గారలా గట్టిపడుతుంది. అది సుద్దలాంటి పదార్థం, సబ్బుకి లొంగదు. సబ్బు జిడ్డును వదిలిస్తుంది కానీ సుద్దను కరిగించలేదు. సుద్దను కరిగించేది పులుపు. అందుకే మీరు ఎంత తోమినా మచ్చ కదల్లేదు, దాని పక్కనున్న స్టీలే గీసుకుపోయింది.

ఇక పని మొదలుపెడదాం. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలపండి. ప్లాస్టిక్ మగ్గులోనో స్టీలు గిన్నెలోనో కలపండి, అల్యూమినియం గిన్నె వద్దు. నిమ్మ ఉప్పు దొరక్కపోతే తెల్ల వెనిగర్‌లో సమంగా నీళ్లు కలుపుకోవచ్చు. నిమ్మకాయ కూడా పనిచేస్తుంది, కానీ మొత్తం బాత్రూంకి ఎన్ని కాయలని పిండుతారు? చేతులకి గ్లవ్స్ వేసుకోండి. చేతి మీద చిన్న గాటు ఉన్నా మండుతుంది.

కొళాయి దగ్గర చాలామంది ఆ నీళ్లు పైన చల్లి వెంటనే రుద్దేస్తారు. చల్లింది క్షణంలో జారిపోతుంది, పని జరగదు. ముందు సబ్బుతో ఒకసారి కడిగి జిడ్డు వదిలించండి. జిడ్డు ఉంటే పులుపు లోపలికి దిగదు. తర్వాత నూలు గుడ్డను జానెడు వెడల్పున చింపి, నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపి, కొళాయి మెడకి కట్టు కట్టినట్టు చుట్టండి. కొళాయి గోడకి ఆనుకునే చోట ఒక గుండ్రటి మూత ఉంటుంది చూడండి, గార అసలు అక్కడే ఎక్కువ. గుడ్డ కొసని ఆ మూత చుట్టూ తిప్పి వేలితో నొక్కండి. పది నిమిషాలకోసారి మగ్గులోంచి రెండు చెంచాల నీళ్లు గుడ్డ మీద పోయండి, ఆరిపోకుండా. ఇరవై నిమిషాల తర్వాత గుడ్డ విప్పితే తెల్లటి పొర మెత్తబడి, వేలితో అంటే పాలమీగడలా కదులుతుంది. టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, మంచి నీళ్లతో బాగా కడిగి, పొడి గుడ్డతో తుడవండి. ఇంకా మిగిలితే మళ్లీ ఇరవై నిమిషాలు కట్టండి. పులుపు పాళ్లు పెంచకండి, సార్లు పెంచండి. రాత్రంతా కట్టి వదిలేయడం మాత్రం వద్దు. కొళాయిల మీది క్రోమ్ పూత అంతసేపు పులుపులో ఉండకూడదు. ఒక్కో విడత అరగంట దాటనివ్వకండి.

షవరుకి ఇంకా తేలిక. పాలిథిన్ సంచిలో ఆ నీళ్లు పోసి, షవరు తల అందులో మునిగేలా పైకెత్తి, రబ్బరు బ్యాండుతో బిగించండి. అరగంట తర్వాత సంచి తీసి వేడినీళ్లు వదిలితే రంధ్రాల్లోంచి తెల్లటి రవ్వలు రాలతాయి. రబ్బరు బొడిపెలున్న షవరైతే బొటనవేలితో ఒక్కొక్కటీ నలపండి. మా లాడ్జిలో ఒక గదిలో షవరు నీళ్లు పక్కకి గోడ మీదకి చిమ్ముతున్నాయని కొత్తది కొనే దాకా వెళ్లారు. సంచి కట్టించాను. ఆ షవరే ఆ తర్వాత ఇంకా నాలుగేళ్లు పనిచేసింది.

వాష్‌బేసిన్ కొళాయిలో నీటిధార సన్నబడితే దాని మూతి దగ్గర ఉండే జాలీ విప్పండి. గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పొచ్చు. పట్టకారు నేరుగా పెడితే పూత లేచిపోతుంది. విప్పేటప్పుడు లోపల జాలీ, రబ్బరు రింగు ఏ వరుసలో ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. మా పిల్లలు (పనిచేసే అమ్మాయిల్ని అలాగే పిలుస్తాను) ఒకసారి వరుస మర్చిపోయి బిగించారు. సాయంత్రానికి ఆ కొళాయి మూతి చుట్టూ నీళ్లు కారుతున్నాయి.

సింకు సంగతి వేరు. అది పెద్దది, ఏటవాలుగా ఉంటుంది, నీళ్లు నిలవవు. నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డల్ని అడుగునా గోడలకీ అతికించినట్టు పరిచి ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత గిన్నెల సబ్బు, కొబ్బరి పీచుతో తోమండి. ఉద్దానం కొబ్బరి దొరికే ప్రాంతంలో ఉండి ఇనుప పీచు కొనడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. కొబ్బరి పీచు స్టీలుని గీయదు, మెత్తబడిన గారని తీసేంత గట్టిగా మాత్రం ఉంటుంది.

ఒక విషయం కళ్లారా చూడండి. లైటు ఏటవాలుగా పడేలా పక్కనుంచి సింకును చూస్తే, స్టీలు మీద ఒకే దిశలో వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి తయారీలోనే పెట్టినవి. తోమడం ఎప్పుడూ ఆ గీతల వెంబడే, గుండ్రంగా కాదు. గుండ్రంగా తోమితే ఆ గీతలకి అడ్డంగా కొత్త గీతలు పడతాయి. వెలుతురు వాటి మీద చెదిరి సింకు మసగ్గా కనబడుతుంది. మీరు ఇనుప పీచుతో వేసిన గీతలు మరీ లోతుగా లేకపోతే, ఆకుపచ్చ స్క్రబ్బర్‌ని సబ్బు నీళ్లలో ముంచి, అసలు గీతల దిశలోనే, పొడుగ్గా, బరువు వేయకుండా కాసేపు లాగండి. కొత్త గీతలు పాతవాటిలో కలిసిపోతాయి. అద్దంలా మెరిసే రకం సింకైతే మాత్రం ఈ పని చేయకండి, ఇంకా పాడవుతుంది.

సబీనా లాంటి పొడులు, ఇటుక పొడి, బూడిద మన అమ్మమ్మల కాలం నుంచి గిన్నెలకి వాడుతున్నవే. మసిపట్టిన గిన్నె అడుక్కి అవి మంచివే. సింకుకీ కొళాయిలకీ వద్దు. పొడిలోని గరుకు రేణువులే గీతలు పెడతాయి.

ఇప్పుడు గోధుమ చుక్కలు. స్టీలు తుప్పు పట్టదంటారు కదా, మరి ఇదేంటని అందరూ అడిగే ప్రశ్నే. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది. మంచి సింకులకి వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనిపించని పొర కడుతుంది. స్టీలుని కాపాడేది ఆ పొరే. గీసుకుపోయినా గాలి తగిలితే మళ్లీ కడుతుంది. దానికి శత్రువు క్లోరైడు. అంటే ఉప్పు, బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్. ఇవి నిలవ ఉంటే పొరకి చిల్లు పెట్టి కిందకి తినేస్తాయి.

చుక్క ఏ రకమో తేల్చడానికి గోటితో గీరండి. గోరు జారిపోతే అది పైపై తుప్పు, గోరు తట్టుకుంటే గుంట పడ్డట్టు. పైపై తుప్పు చాలాసార్లు స్టీలుది కూడా కాదు. ఇనుప పీచు తెగి మిగిలిన సన్నటి ముక్కలు, తడిగా వదిలేసిన ఇనుప పెనం, బోరు నీళ్లలో వచ్చే ఇనుము, వీటి తుప్పు సింకుకి అంటుకుంటుంది. నిమ్మ ఉప్పుని కొద్దిపాటి వేడినీళ్లతో ముద్దగా కలిపి చుక్క మీద పెట్టి అరగంట ఉంచి, కొబ్బరి పీచుతో తీస్తే పోతుంది. గుంట పడితే రంగు పోతుంది కానీ గుంట పూడదు. అక్కడ నీళ్లు నిలవకుండా రోజూ తుడుచుకుంటే పెరగకుండా ఆగుతుంది.

మా మండపంలో జరిగింది చెప్తాను. ఒక పెళ్లికి వంటవాళ్లు చేపలు ఉప్పు, పసుపు వేసి రుద్ది, ఆ నీళ్లు సింకులోనే వదిలేసి వెళ్లిపోయారు. కన్నానికి అరిటాకు అడ్డుపడింది. తెల్లారేదాకా ఉప్పు నీళ్లు నిలిచాయి. నేను వచ్చేసరికి అడుగంతా ఆవగింజలు చల్లినట్టు గోధుమ చుక్కలు. చాలావరకు నిమ్మ ఉప్పుకి పోయాయి, ఓ పదిహేను గుంటలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు నుంచి వంటవాళ్లు వెళ్లేముందు సింకు చూశాకే తాళం వేస్తున్నాను.

ఇంకో కారణం చాలామందికి తట్టదు. యాసిడ్ సీసా సింకు కింద అరలో పెడితే, మూత బిగించినా దాని ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. తలుపు మూసిన అరలో అది చుట్టూ తిరిగి సింకు అడుగునీ, తలుపు బందుల్నీ తుప్పు పట్టిస్తుంది. లాడ్జిలో సామాను గది అంతా ఇలాగే తుప్పెక్కింది. నీటి పైపు కారుతోందనుకుని మూడుసార్లు ప్లంబర్‌ని పిలిపించాం. సీసాలు బయట వరండాలోకి మార్చాక తుప్పు ఆగిపోయింది. అందుకే మొదట్లోనే ఆ సీసా తీసేయమన్నాను.

సింకు నాణ్యత గురించి ఒక మాట. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని కొట్లో చెప్తుంటారు. నమ్మకండి. చవకైన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. నికెల్ తక్కువున్న ఆ రకానికి చుక్కలు త్వరగా వస్తాయి. అంటుకోలేదు కాబట్టి ఇది మంచిదే అన్న లెక్క పనికిరాదు. సింకు మీద అచ్చు ఉందా, బిల్లు మీద రకం రాశారా అని చూడండి.

పసుపు తిరిగిన కొళాయి సంగతికి వస్తాను. మన కొళాయిలు చాలావరకు లోపల ఇత్తడి. దానిమీద నికెల్ పూత, ఆ పైన క్రోమ్ పూత. ఆ క్రోమ్ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. బాత్రూం యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, అది క్రోమ్‌ని కరిగించేస్తుంది. కింద నికెల్ బయటపడుతుంది, దాని రంగులోనే కొద్దిగా పసుపు ఛాయ ఉంటుంది. మీకు కనిపిస్తున్నది మురికి కాదు, కింది పొర. అందుకని దాన్ని రుద్దకండి. రుద్దినకొద్దీ నికెల్ కూడా పోయి ఇత్తడి బయటపడుతుంది. నీళ్లతో బాగా కడిగి, పొడిగా తుడిచి, కార్లకి పూసే వ్యాక్స్ పల్చగా పూయండి. రంగు మారదు కానీ ఇంకా పాడవకుండా కొన్నాళ్లు కాపాడుతుంది. పండగ దాకా అలా నెట్టి, తర్వాత ఆ ఒక్క కొళాయి మార్పించుకోండి. పూత మళ్లీ వేయిస్తామని ఎవరైనా అంటే ఒక్క కొళాయికి ఆ ఖర్చు దండగ అని నా అభిప్రాయం.

మిగతా కొళాయిల మీద అంచుల దగ్గర పూత పొక్కి, పొరలా లేస్తుంటే వాటికి కూడా పులుపు పెట్టకండి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. నల్లవి, బంగారు రంగువి ఇప్పుడు కొత్తగా పెట్టిస్తున్నారు కదా, వాటికీ ఇదే మాట.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ పౌడరుని గానీ బ్లీచ్ ద్రవాన్ని గానీ ఏ యాసిడ్‌తోనూ, నిమ్మ ఉప్పుతోనూ, వెనిగర్‌తోనూ కలపకండి. ఒకదాని వెంట ఒకటి కడక్కుండా వాడకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. లాడ్జిలో ఒక అమ్మాయి నేల మీద బ్లీచింగ్ చల్లి, అది కడగకుండానే యాసిడ్ పోసింది. తలుపు మూసి ఉంది. దగ్గు విని పరుగెత్తి బయటికి లాక్కొచ్చాం. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచారు. ఆ దగ్గు చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మీరు ఈమధ్య బాత్రూంలో ఏం వాడారో నాకు తెలియదు, కాబట్టి నిమ్మ ఉప్పు పెట్టేముందు అంతా నీళ్లతో బాగా కడిగేయండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, తలుపు తీసి ఉంచండి.

ప్రమాదం లేనిదే కానీ పనికిరాని కలయిక ఇంకోటుంది. వంట సోడా చల్లి దానిమీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగుతుంది, వీడియోల్లో చూసే ఉంటారు. పొంగు చూసి పని జరుగుతోంది అనుకుంటాం. నిజానికి పులుపూ సోడా ఒకదాన్నొకటి చంపుకుని రెండూ ఉత్తినీళ్ల లెక్క అయిపోతాయి. గారకి పులుపు విడిగా, జిడ్డుకి సోడా విడిగా వాడుకోండి.

మీ సింకు చుట్టూ ఏ రాయి ఉందో రాయలేదు. కడప రాయి గానీ మార్బుల్ గానీ అయితే జాగ్రత్త. అవి కూడా సున్నపు జాతి రాళ్లే. గారను కరిగించే పులుపు వాటినీ తింటుంది, చుక్క పడిన చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. తడి గుడ్డలు పరిచేముందు రాయి మీద ప్లాస్టిక్ షీటు వేయండి. గ్రానైటుకి అంత భయం లేదు, ఐనా పడితే వెంటనే తుడవండి.

పనిలో పనిగా ఇత్తడి గురించి. విజయనగరం పాత ఇళ్లలో ఇత్తడి కొళాయిలు ఇంకా ఉన్నాయి, దేవుడి గదిలో బుడితి ఇత్తడి, కంచు సామాన్లు ఉంటాయి. పండక్కి అవి కూడా తోముతారు కదా. చింతపండు గుజ్జులో చిటికెడు ఉప్పు వేసి పూసి, ఐదు నిమిషాల్లో కడిగి, వెంటనే తుడవాలి. తడిగా వదిలితే గంటలో మళ్లీ నల్లబడతాయి. ఈ ఉప్పు చింతపండు ముద్దని స్టీలు సింకులో పడేసి వదలకండి, పైన చెప్పిన చుక్కలు మళ్లీ వస్తాయి. కొన్ని కొత్త ఇత్తడి వస్తువుల మీద పారదర్శకమైన వార్నిష్ ఉంటుంది, వాటికి చింతపండు అక్కర్లేదు, తడి గుడ్డ చాలు.

ఇంత చేశాక మళ్లీ నెలకే మసకబారితే ఉసూరుమంటుంది. దానికి నా దగ్గర ఉన్నది ఒకటే మందు, పొడి గుడ్డ. పాత పంచె చింపి ప్రతి కొళాయి దగ్గరా ఒక ముక్క తగిలించండి. రాత్రి చివరిగా వాడినవాళ్లు కొళాయి, సింకు తుడిచి పడుకోవాలి. ఆరడానికి చుక్క మిగలకపోతే గార పట్టదు. లాడ్జిలో ఈ పద్ధతి పెట్టాక వారానికోసారి చేసే నిమ్మ ఉప్పు పని రెండు నెలలకోసారికి తగ్గింది. కొళాయి చుక్కచుక్కగా కారుతుంటే ముందు అది బాగు చేయించండి, లేకపోతే ఎంత తుడిచినా అదే చోట తెల్లగీత వస్తుంది. మెరుపు ఇంకా కావాలంటే బాత్రూం కొళాయిలకి మూడు నెలలకోసారి కార్ల వ్యాక్స్ పల్చగా పూసి తుడవండి, నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. సింకు బయటి అంచుకి రెండు చుక్కల కొబ్బరి నూనె పూసి పొడి గుడ్డతో పూర్తిగా తీసేయొచ్చు. మిగిలితే జిడ్డుకి దుమ్ము పడుతుంది.

కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి ఒక మాట: సముద్రపు గాలిలోని ఉప్పు కిటికీ దగ్గరి కొళాయిల మీదా మేడ మీది స్టీలు కమ్మీల మీదా టీ మరకల్లాంటి గోధుమ రంగు తెస్తుంది. ఏమీ కలపని మంచినీళ్లతో వారానికోసారి కడిగి తుడిస్తే చాలు.

సోదరీ, ముందు ఎవరి కంటా పడని ఒక కొళాయి వెనక భాగంలో పది నిమిషాలు గుడ్డ పెట్టి చూసి, అప్పుడు మిగతావి మొదలుపెట్టండి. సింకు అడుగున ఉన్న గోధుమ చుక్కలకి గోరు తట్టుకుంటోందా, జారుతోందా చూసి ఒక ఫొటోతో పాటు రాయండి. సింకు చుట్టూ ఉన్నది ఏ రాయో కూడా చెప్పండి. పండగకి ఇంకా టైముంది, టెన్షన్ పడకండి.